శాఖా గ్రంథాలయంలో ఆదివారం కార్యక్రమం: తాళాల గుత్తి నుంచి పుస్తకాల చీటీ దాకా

"మా ఊరి లైబ్రరీలో పిల్లల కోసం ఏదైనా మొదలుపెడదామనుకుంటున్నాం, ఎలా చేయాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే నయమని అంతా ఒకచోట రాస్తున్నాను. నేను గ్రంథాలయ ఉద్యోగిని కాను. ఒక మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి ఏడేళ్లుగా ఆదివారాలు వెళ్లి, కథలు చదివి, పుస్తకాలు ఇప్పించే పాఠకుణ్ని. గ్రంథపాలకులకైనా, నాలా బయటినుంచి వెళ్లి సాయం చేసేవాళ్లకైనా ఇవే అడుగులు పనికొస్తాయి.

ముందే ఒక మాట. ఎంతమంది వచ్చారన్నది నేను లెక్కలోకి తీసుకోను. కార్యక్రమం అయిన అరగంటలో ఎన్ని పుస్తకాలు రిజిస్టర్‌లోకెక్కి ఇళ్లకు వెళ్లాయన్నదే చూస్తాను. కింద రాసినదంతా ఆ లెక్క కోసమే.

1. రెండు వారాలు ఊరికే కూర్చుని చూడండి

ఈ పని ఎవరూ చేయరు. నేరుగా బ్యానర్ కొట్టిస్తారు. మీరు మాత్రం ఒక నోట్‌బుక్ పట్టుకుని, ఉదయం కొన్నాళ్లు, సాయంత్రం కొన్నాళ్లు వెళ్లి కూర్చోండి. ఏ వేళకు ఎవరు వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఏ బీరువా ముందు నిలబడుతున్నారు అన్నది రాసుకోండి.

మామూలుగా కనిపించేది ఇది. తలుపు తెరవగానే పేపర్ల కోసం పెద్దవాళ్లు వస్తారు. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివేవాళ్లు ఫ్యాన్ కింది కుర్చీలు పట్టేస్తారు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, బీరువాల వైపు చూడరు. బడి వదిలాక ముగ్గురో నలుగురో పిల్లలు. ఆడవాళ్లు దాదాపు కనపడరు.

రానివాళ్లు ఎందుకు రావట్లేదో కూడా కనుక్కోవాలి. మా వీధిలో అడిగితే, సభ్యత్వం చదువుకునే కుర్రాళ్లకే ఇస్తారని చాలామంది అనుకుంటున్నారు. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కింద రూపాయికి 8 పైసలు వసూలవుతుందని వాళ్లకు తెలియదు. "మీ డబ్బు ఎప్పుడో కట్టేశారమ్మా, పుస్తకం తెచ్చుకోవడమే మిగిలింది" అని చెప్పాను. కరపత్రం కంటే ఆ మాటే బాగా పనిచేసింది.

2. రోజు, వేళ, చోటు ఖాయం చేసుకోండి

చాలా శాఖా గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. కాబట్టి ఆదివారం సాయంత్రమే మేలు. ప్రతి వారం పెట్టుకోకండి, మూడో నెలకు అలసిపోతారు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, 4:30 నుంచి 5:15 దాకా. అంతే. ముప్పావు గంట దాటితే పిల్లలు చాప నూలు పీకడం మొదలుపెడతారు.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలతో అందరూ హడావిడిగా ఉంటారు. కొత్తది మొదలుపెట్టడానికి అది సమయం కాదు. వేసవి శిబిరంలో మొదలుపెడితే పిల్లలు బాగానే వస్తారు గానీ, జూన్‌లో బడి తెరవగానే మాయమైపోతారు. నా అనుభవంలో జూలై మంచిది.

చోటు విషయంలో పరీక్షలకు చదివేవాళ్లతో గొడవ పెట్టుకోకండి. హాలు వాళ్లకే వదిలేసి మీరు వరండాలోనో, చెట్టు నీడలోనో చాపలు వేసుకోండి. వారం ముందే వెళ్లి, "నెలకు రెండు ఆదివారాలు, ముప్పావు గంట కాస్త సందడిగా ఉంటుంది, ఏమనుకోకండి తమ్ముడూ" అని చెప్పండి. అసలు సంగతి ఏమిటంటే, డీఎస్సీకి చదివేవాళ్లలో పిల్లలకు చదివి వినిపించాలని ఉబలాటపడేవాళ్లు ఉంటారు. మా దగ్గర ఇప్పుడు సగం కథలు అలాంటి ఇద్దరు అమ్మాయిలే చదువుతున్నారు.

3. అనుమతి, ఆ తర్వాత తాళాలు

గ్రంథపాలకుల ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఒక పేజీ ఉత్తరం పెట్టండి. అందులో ఉండాల్సినవి:

- ఏ రోజు, ఏ వేళ, భవనంలో ఎక్కడ
- ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్లు
- ఎవరెవరు నడుపుతారు, వాళ్ల ఫోన్ నంబర్లు
- ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయబోమన్న వాక్యం
- తల్లిదండ్రుల అంగీకారం లేకుండా పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టబోమన్న వాక్యం

దగ్గర్లోని బడి ప్రధానోపాధ్యాయులకు ఒక ప్రతి ఇవ్వండి. ప్రార్థన తర్వాత ఆయన చెప్పే ఒక్క మాట చాలు, పిల్లలు వస్తారు.

ఇక తాళాల సంగతి. నేను మొదట సాయం చేసిన కార్యక్రమం వేరే ఊళ్లో. ఫ్లెక్సీ కట్టాం, మైకు పెట్టాం, అరవై మంది దాకా పిల్లలొచ్చారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి అరగంట మాట్లాడారు. అయ్యాక ఒక పాప బీరువా అద్దానికి ముక్కు ఆనించి, లోపలున్న బొమ్మల పుస్తకం చూపించి "అది ఇస్తారా?" అంది. తాళాలు తెచ్చేవాళ్లు ఊళ్లో లేరు. అరవై మందీ బిస్కెట్ ప్యాకెట్లతో ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ముందు రోజే ఫోన్ చేసి తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

బీరువాలకు తాళాలేంటని గ్రంథపాలకుల మీద విసుక్కోకండి. స్టాకు తనిఖీలో పుస్తకం తక్కువైతే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే. "ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో మేం రాసి పెడతాం, రాకపోతే ఇంటికెళ్లి తెస్తాం" అని మాటిచ్చి, రెండు నెలలు అలా చేసి చూపించండి. తాళం దానంతటదే తెరుచుకుంటుంది.

4. ఇరవై ఐదు పుస్తకాల బుట్ట

పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు ఇచ్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యమంతా 894.827 అనే నంబరు కిందికే వస్తుంది. తెలిసినవాళ్లకు అది దారి చూపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ బీరువాలో పుస్తకాల వెన్నులు తప్ప ఏమీ కనబడవు. అందుకే ప్రతి ఆదివారానికీ ఇరవై ఐదు పుస్తకాలు ముందే తీసి, అట్టలు కనపడేలా ఒక బుట్టలోనో, బల్ల మీదో పెట్టాలి.

ముందు కట్టలు విప్పండి. గ్రంథాలయాలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ద్వారా వచ్చిన పుస్తకాలు కొన్నిచోట్ల ముద్ర వేసి, నంబరు రాసి, అలాగే అడుగు అరలో ఉండిపోతాయి. మా దగ్గర అలాంటి ఒక కట్టలోంచి పిల్లల పుస్తకాలు దొరికాయి. కొననక్కర్లేకుండానే మొదటి నాలుగు నెలలు వాటితో గడిచిపోయింది.

ఒక్కో పుస్తకాన్నీ ఇలా చూసుకోండి:

- మధ్యలో తెరిచి చేతి పొడవు దూరంలో పెట్టండి. అక్షరాలు కనపడకపోతే పక్కన పెట్టేయండి.
- కుట్టు ఊడిందా, పురుగు కొట్టిందా, పేజీలు తగ్గాయా చూడండి. చివరి పేజీ లేని కథల పుస్తకం ఇస్తే ఆ పిల్లాడు మళ్లీ రాడు.
- పిల్లల పుస్తకమైతే ఒక పేజీలో ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎంత దట్టంగా ఉన్నాయో చూడండి.

ఈ మూడోది వివరంగా చెప్పాలి. ఇంగ్లీష్ మీడియంలో ఐదో తరగతి చదివే పిల్లాడు తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే కూడబలుక్కుంటాడు. వాడికి చదవడం సులువని నాలుగేళ్ల పిల్లల కుక్కపిల్ల పుస్తకం ఇస్తే అవమానంగా ఉంటుంది. అక్షరాలు తేలిగ్గా, విషయం మాత్రం వాడి వయసుకు తగ్గట్టు ఉండాలి. పొడుపు కథలు, జోకుల పుస్తకాలు, ఇంట్లో చేసుకునే సైన్సు ప్రయోగాలు, బొమ్మల కథలు ఇందుకు సరిపోతాయి.

పిల్లల పుస్తకాలు చాలకపోతే 'మంచి పుస్తకం' అనే సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసే ప్రచురణలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అక్కడ చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టి ఉంచారు. మొదటి రెండు మెట్లతో మొదలుపెట్టండి.

ఎవరైనా విరాళంగా పుస్తకాలు ఇస్తే నేరుగా బుట్టలో వేయకండి. ముందు గ్రంథపాలకుల చేత రిజిస్టర్‌లో ఎక్కించి ముద్ర వేయించండి. పాత గైడ్లు, డైరీలు, ఫలానా సంవత్సరపు ప్రశ్నపత్రాలు తెచ్చిస్తే దండం పెట్టి వెనక్కి పంపండి.

5. ముప్పావు గంట ఎలా నడవాలి

4:20 – చాపలు, తాగే నీళ్లు, పుస్తకాల బుట్ట సిద్ధం. బుట్ట మీద గుడ్డ కప్పి ఉంచండి.

4:30 – ముగ్గురే ఉన్నా మొదలుపెట్టండి. "ఇంకొంతమంది రానీ" అని ఆగితే, వేళకు వచ్చినవాళ్లు వచ్చేసారి ఆలస్యంగా వస్తారు.

4:32 – మొదటి కథ, పది నిమిషాలు. ఇంట్లో గడియారం పెట్టుకుని రెండుసార్లు పైకి చదివి చూసుకున్నదే తీసుకోండి. కళ్లతో చదివితే నాలుగు నిమిషాలు పట్టే కథకు పైకి చదివితే తొమ్మిది నిమిషాలు పడుతుంది. యాసలో రాసిన కథను పాఠ్యపుస్తకం భాషలోకి మార్చి చదవకండి. తెలియని మాట వస్తే ఒక్క ముక్కలో అర్థం చెప్పి ముందుకెళ్లండి.

4:42 – మాటలు. "ఈ కథలో నీతి ఏమిటి?" అని మాత్రం అడగొద్దు. అడిగారంటే బడి గుర్తొచ్చి అందరూ చేతులు కట్టుకుంటారు. కథలో ఒక మూట దొరికిందనుకోండి, "నువ్వైతే ఆ మూట విప్పేవాడివా?" అని అడిగి చూడండి, ఒకళ్ల మీద ఒకళ్లు అరుస్తారు. అరవనివ్వండి.

4:50 – రెండో పుస్తకంలోంచి సగం మాత్రమే చదవండి. ఉత్కంఠ ఉన్నచోట ఆపి, మూసేసి, బుట్టలో పెట్టేయండి. ఎవరు తీసుకెళ్తారన్న పోటీ అక్కడే మొదలవుతుంది. ఆ పుస్తకం ఒక్క కాపీయే ఉంటే చీటీ మీద వరుసగా పేర్లు రాయండి. ఒకసారి నేను పేర్లు రాయకుండా ఒకడి చేతికిచ్చేసి, పదకొండు మందికి శత్రువునయ్యాను.

5:00 – బుట్ట మీది గుడ్డ తీయండి. ఈ పావుగంట కార్యక్రమంలో అన్నిటికంటే ముఖ్యం. వందన సమర్పణలు, ఫొటోలు వేరే రోజు చూసుకోవచ్చు. ఒకరు రిజిస్టర్ దగ్గర, ఒకరు బుట్ట దగ్గర ఉండాలి.

సభ్యత్వ ఫారాలు మొదటి ఆదివారమే ఇళ్లకు పంపండి. ధరావతు ఎంతో ఫారం మీదే రాయండి, అది తిరిగి ఇచ్చే డబ్బేనని కూడా రాయండి. "చిరిగితే ఫైన్ వేస్తారేమో" అన్న టెన్షన్‌తో ఫారం మడిచి పెట్టేసే తల్లులు చాలామంది. దానికేం చేస్తారో గ్రంథపాలకులను ముందే అడిగి, సూటిగా చెప్పేయండి.

6. ఏ పుస్తకం చదవమనాలి?

"మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే పుస్తకాలు చదవనివాళ్లు ఏం చెబుతారు? మొహమాటంగా నవ్వుతారు. నేను అడిగేవి వేరే:

- ఈ మధ్య టీవీలోగానీ ఫోన్‌లోగానీ వదలకుండా చూసింది ఏది?
- చదవడానికి రోజుకు ఎంతసేపు దొరుకుతుంది? ఏ వేళప్పుడు?
- మధ్యలో ఆపేసిన పుస్తకం ఏదైనా ఉందా? ఎందుకు ఆపేశారు?

మనవణ్ని తీసుకొచ్చిన ఒకావిడ "ఏదైనా మంచిది ఇవ్వు బాబూ" అన్నారు. టీవీ సంగతి అడిగాను. "ఆ అత్తాకోడళ్ల గోల నావల్ల కాదు. మా నాన్న చెప్పే ఊరి కబుర్లయితే తెల్లవార్లూ వినేదాన్ని" అన్నారు. ఎంతసేపు దొరుకుతుందంటే, "పొయ్యి మీద పప్పు ఉడికేంతసేపు." నా పని అయిపోయింది. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఇచ్చాను. నూరు కథలు, ఒక్కోటీ చిన్నది, బాపు బొమ్మలు. పప్పు ఉడికేలోపు ఒక కథ అయిపోతుంది. నాలుగో ఆదివారం మనవడు లేకుండా ఆవిడ ఒక్కరే వచ్చారు.

మీరు ఒక్క పుస్తకమే చేతిలో పెడితే అది ఆజ్ఞలా ఉంటుంది. పది పెడితే బెదిరిపోతారు. మూడు చూపించండి. ఒకటి వాళ్లు చెప్పినదానికి దగ్గరది, ఒకటి కాస్త దూరంది, ఒకటి బాగా పలచనిది. ఆ పలచనిదే ఎక్కువగా వెళ్తుంది, పర్లేదు.

పుస్తకం గురించి రెండు వాక్యాలు మించకూడదు. 'బారిస్టర్ పార్వతీశం' చేతికిస్తూ హాస్య సాహిత్యంలో దాని స్థానం గురించి చెప్పక్కర్లేదు. "మొగల్తూరు కుర్రాడు ఒకడు బారిస్టర్ అవుదామని ఇంగ్లండు బయల్దేరతాడు. వెళ్లేదాకా పడే తిప్పలే సగం పుస్తకం" అంటే చాలు.

పిల్లల విషయంలో అయిదు వేళ్ల పరీక్ష పెట్టండి. ఏదో ఒక పేజీ చదవమని, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకో ఆర్నెల్లు ఆగొచ్చు. ఒక్కటీ ముడుచుకోకపోతే ఇంకాస్త పెద్దది చూడండి.

చీటీ రాసే పద్ధతి

మీరు లేని రోజుల్లో కూడా సిఫారసు నడవాలంటే, పుస్తకంలో ఒక చీటీ పైకి కనపడేలా పెట్టండి. మా చీటీ ఒకటి ఇలా ఉంటుంది:

"రాత్రి పది నిమిషాలే తీరికుండేవాళ్లకు. చిన్న కథలు. మొదటిది నచ్చకపోతే ఏడోది చదవండి. – బస్టాండ్ దగ్గరి టైలర్ గారు"

ఎవరి కోసమో, ఎంత పొడవో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాలి. "అద్భుతం", "ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి" అన్నవి వద్దు. చదివినవాళ్ల చేతే రాయించండి. పేరు పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం. చీటీని అట్టకు సెల్లోటేపుతో అంటించకండి, తీసినప్పుడు అట్ట కూడా లేచొస్తుంది.

7. పెద్దలకు నెలకొక కథ

పెద్దల కోసం నవల పెట్టుకుంటే కుదరదు. ఉన్నది ఒక్క ప్రతి, చదివేది ఒక్కరు, మిగతావాళ్లు తలూపుతారు. ఒక చిన్న కథ అక్కడికక్కడే పైకి చదివి మాట్లాడుకోండి. మొదటిసారి మేం గురజాడ 'దిద్దుబాటు' చదివాం. 1910 నాటి కథ, కొద్ది పేజీలే. చదవడం అయిన తర్వాత భర్తను దారిలో పెట్టడానికి భార్య కమలిని చేసింది సరైందేనా అని ఒక ప్రశ్న వేశాను. పేపర్ చదవడానికి వచ్చిన ఇద్దరు రిటైర్డ్ ఉద్యోగులు లైట్లు ఆర్పేదాకా వాదించుకున్నారు.

జిరాక్సుల సంగతి చూసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ కథకు ఇబ్బంది లేదు. ఇప్పటి రచయితల పుస్తకం మొత్తం జిరాక్సు తీసి పంచకండి. రెండు ప్రతులు కొనండి, లేదా ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినండి.

8. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

బహుమతులు పెట్టడం. రెండుసార్లు పెడితే మూడోసారి "ఈసారి ఏమిస్తారు?" అని అడుగుతారు. ఒకవేళ పెట్టేసి ఉంటే, బహుమతికి బదులు బుట్టలోంచి మొదట ఎంచుకునే వంతు ఇవ్వండి.

మంచి పుస్తకాలే చదివించాలన్న పట్టుదల. దయ్యాల కథ అడిగినవాడికి మహనీయుల జీవితచరిత్ర ఇస్తే వాడు దాన్ని దిండు కింద పెట్టి, గడువు రోజున తెచ్చి ఇచ్చేస్తాడు. దయ్యాల కథే ఇవ్వండి.

తిరిగొచ్చిన పిల్లాణ్ని పరీక్ష చేయడం. "చదివావా? కథ చెప్పు" అని నిలదీయకండి. "ఎంతవరకు వెళ్లావు?" అనండి. మధ్యలో ఆపేశానంటే, సరే ఇంకోటి చూద్దాం అనండి.

వాన వచ్చి ఎవరూ రాకపోవడం. తలుపు వేసుకుని వెళ్లిపోకండి. 5:15 దాకా ఉండి చీటీలు రాయండి, పుస్తకాలకు అట్టలు వేయండి. ఆదివారం అక్కడ ఎవరో ఒకరు ఉంటారన్న నమ్మకం ఊళ్లో నిలవాలి.

9. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు

తేదీ, వచ్చినవాళ్లు, ఇంటికి వెళ్లిన పుస్తకాలు, అడిగినా దొరకనివి. నాలుగో గడి ముఖ్యం. మూడు నెలలకోసారి దాన్ని శుభ్రంగా రాసి గ్రంథపాలకులకు ఇవ్వండి. కొత్త పుస్తకాలకు జాబితా పంపేటప్పుడు వాళ్ల చేతిలో పాఠకులు అడిగిన పేర్లుంటాయి.

10. శనివారం రాత్రి చూసుకోవాల్సినవి

- తాళాలు ఎవరి దగ్గరున్నాయి? ఫోన్ చేశామా?
- కథ పైకి రెండుసార్లు చదివామా?
- బుట్టలో ఇరవై ఐదు పుస్తకాలు, చివరి పేజీలతో సహా ఉన్నాయా?
- పోయినసారి సగంలో ఆపిన పుస్తకం తిరిగొచ్చిందా? వరుసలో తర్వాతి పేరు ఎవరిది?
- ఖాళీ ఫారాలు, రెండు పెన్నులు, చీటీలు
- రిజిస్టర్ దగ్గర కూర్చునేది ఎవరు?
- చాపలు ఎవరింట్లో ఉన్నాయి? (మావి రెండుసార్లు పెళ్లికి వెళ్లాయి.)